సంఘం కార్యాలయానికి ఫైలు సర్వరు: ఏ లినక్సును ఎంచుకోవాలి?

పాల సంఘం ఆస్తి ఏమిటని అడిగితే భవనం, బల్కు కూలరు, పాల పరీక్ష యంత్రం, క్యాన్లు అని వెంటనే చెబుతాము. ఇవి పాడైతే డబ్బు పెట్టి మరల కొనవచ్చు. కాని ఏ సభ్యురాలు ఏ పూట ఎన్ని లీటర్లు పోసినదీ, వెన్న శాతం ఎంత వచ్చినదీ, దాణా ఖాతాలో బాకీ ఎంత ఉన్నదీ, ఏడాది చివర ఆమెకు బోనసు ఎంత రావలసి ఉన్నదీ తెలిపే లెక్క పోతే దానిని ఏ దుకాణంలోనూ కొనలేము. పూర్వం ఆ లెక్క పెద్ద పుస్తకాలలో, బీరువాలో, తాళం కింద ఉండేది. నేడు చాలా సంఘాలలో అది కంప్యూటరులోకి వచ్చినది. బీరువాకు ఇచ్చినంత శ్రద్ధ దీనికి ఇవ్వవలసి ఉన్నది.

మూడు నాలుగు కంప్యూటర్లు ఉన్న సంఘాలలో పాలసేకరణ లెక్క ఒకదానిలో, దాణా అమ్మకం మరొకదానిలో, ఆడిటు కాగితాలు కార్యదర్శి వాడే ఇంకొకదానిలో ఉండడం సామాన్యం. వీటిని ఒకచోట చేర్చి భద్రపరచడానికి ఫైలు సర్వరు ఉపయోగపడుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఉచిత మద్దతును 2025 అక్టోబరు 14న ముగించినందున, పక్కన పెట్టిన పాత కంప్యూటరు మీద లినక్సు వేసి సర్వరుగా వాడుకొనవచ్చునా అనే ఆలోచన కూడా సంఘాలలో సహజంగానే వస్తుంది. వాడుకొనవచ్చును. అయితే లినక్సు ఒక్కటి కాదు. డెబియన్, ఉబుంటు, ఆల్మా, రాకీ, ఫెడోరా అని పేర్లు అనేకం. ఏది ఎంచుకోవాలి, దేనిని చూసి ఎంచుకోవాలి అన్నది ఈ పాఠంలో వివరిస్తున్నాము. కంప్యూటరు తెలిసిన వారికే వదలివేయకుండా పాలకవర్గ సభ్యులందరూ దీనిని చదవవలసినదిగా కోరుతున్నాము.

1. ఫైలు సర్వరు అనగా ఏమి?

ఫైలు సర్వరు అనగా కార్యాలయానికంతటికీ ఉమ్మడి బీరువా. అది ఒక కంప్యూటరే. దాని ముందు ఎవరూ కూర్చొని పనిచేయరు. మిగిలిన కంప్యూటర్లు తీగ ద్వారా దానికి కలిసి ఉంటాయి. కార్యదర్శి తన గదిలో నుంచి, గుమాస్తా తన బల్ల దగ్గర నుంచి అదే బీరువాను తెరుస్తారు. ఎవరు ఏ అర తెరవవచ్చునో, ఎవరు చదవవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో మనమే నిర్ణయిస్తాము.

దీనికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఒక లెక్క చూడండి. 200 మంది సభ్యులున్న సంఘంలో రెండు పూటలకు రోజుకు 400 పద్దులు పడతాయి. ఏడాదికి 1,46,000 పద్దులు. ఒక్కొక్క పద్దుకు 100 అక్షరాల చోటు అనుకున్నా మొత్తం 1 కోటి 46 లక్షల అక్షరాలు, అంటే సుమారు 15 ఎంబీ. నేటి సెల్‌ఫోనుతో తీసిన నాలుగైదు ఫోటోలు ఇంత చోటు పడతాయి. కావున మనకు కావలసినది పెద్ద డిస్కు కాదు, చెడిపోని ఏర్పాటు. 4 జీబీ మెమరీ ఉన్న మామూలు కంప్యూటరు, రెండు కొత్త డిస్కులు, ఒక యు.పి.ఎస్. ఉంటే ఈ పనికి చాలును. పాత కంప్యూటరును వాడినా పాత డిస్కును మాత్రం వాడవద్దు.

ఒకే కంప్యూటరు ఉన్న సంఘానికి సర్వరు అవసరం లేదు. అటువంటి సంఘాలు రెండు బయటి డిస్కులు కొని, ఈ పాఠంలోని 8వ భాగంలో చెప్పిన విధంగా నకళ్లు తీసుకుంటే సరిపోతుంది.

2. డిస్ట్రిబ్యూషను అనగా ఏమి?

లినక్సును 1991లో ఫిన్లండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయడం ప్రారంభించారు. కంప్యూటరు యంత్ర భాగాలను నడిపించే మూలభాగం అది. దానిని ఎవరైనా ఉచితంగా తీసుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు ఇవ్వవచ్చును. కాని ఆ మూలభాగం ఒక్కటే ఉంటే కార్యాలయం పని జరగదు. దానికి వందలాది ఇతర ప్రోగ్రాములను చేర్చి, ఒకదానితో ఒకటి సరిపడేటట్లు పరీక్షించి, సులువుగా ఎక్కించుకొనే విధంగా కట్టి ఇవ్వాలి. అలా కట్టి ఇచ్చిన దానిని డిస్ట్రిబ్యూషను అంటారు.

మనకు తెలిసిన పోలిక చెప్పుకుందాము. పాలు ఊళ్లలోనే పుడతాయి. వాటిని సేకరించి, పరీక్షించి, వెన్న శాతం సరిచేసి, వేడిచేసి చల్లార్చి, ప్యాకెట్టు కట్టి, దాని మీద తేదీ ముద్రించి పంపేది డైరీ. లినక్సు పాల వంటిది. డిస్ట్రిబ్యూషను డైరీ వంటిది. ఏ డైరీ ప్యాకెట్టులోనైనా ఉన్నవి పాలే. తేడా అంతా పరీక్షలో, నిలకడలో, ప్యాకెట్టు మీద ముద్రించిన గడువు తేదీలో ఉన్నది.

విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించే పని సాంబా అనే ప్రోగ్రాముది. దీని తొలిరూపాన్ని ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో విడుదల చేశారు. విండోస్ యంత్రాలు ఫైళ్ల కోసం పలికే భాషను లినక్సు యంత్రం చేత పలికించేది ఇదే. పైన చెప్పిన అన్ని డిస్ట్రిబ్యూషన్లలోనూ సాంబా దొరుకుతుంది. కావున “మా దానిలో ఫైలు షేరింగు ఉన్నది” అని ఎవరైనా ప్రత్యేకంగా చెబితే అది ఎంపికకు కారణం కాదని గ్రహించాలి.

3. మొదట చూడవలసినది గడువు

ప్రతి డిస్ట్రిబ్యూషను ఒక్కొక్క విడుదలకు ఇన్ని సంవత్సరాలు మద్దతు ఇస్తామని ప్రకటిస్తుంది. మద్దతు అనగా, ప్రోగ్రాములలో లోపం బయటపడినప్పుడు దానిని సరిచేసి మనకు పంపడం. గడువు తీరిన తరువాత కూడా కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది. అందుకే చాలామంది ప్రమాదాన్ని గుర్తించరు. గడువు తీరిన పాలు చూడడానికి తెల్లగానే ఉంటాయి.

దీని ఫలితం ఎలా ఉంటుందో 2017లో లోకమంతా చూచినది. విండోస్ ఫైలు షేరింగులోని ఒక లోపానికి మైక్రోసాఫ్టు ఆ ఏడాది మార్చి 14న దిద్దుబాటు విడుదల చేసినది. మే 12న వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము అదే లోపం గుండా వ్యాపించి, ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగినది. బ్రిటనులో ప్రభుత్వ ఆసుపత్రుల పని నిలిచిపోయినది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. దిద్దుబాటు రెండు నెలల ముందే ఉన్నది. దానిని వేసుకొన్న యంత్రాలలోకి ఈ లోపం గుండా అది ప్రవేశించలేకపోయినది.

లినక్సుకు ఇటువంటివి రావని అనుకోవద్దు. అదే 2017 మే నెలలో సాంబాలో కూడా 2010 నుంచి దాగి ఉన్న ఒక తీవ్రమైన లోపం బయటపడినది. మే 24న దిద్దుబాటు వచ్చినది. మద్దతు గడువులో ఉన్న డిస్ట్రిబ్యూషన్లు వాడుతున్నవారికి అది అందినది. గడువు తీరిన విడుదలలు వాడుతున్నవారు ఎవరి దారి వారు చూసుకోవలసి వచ్చినది. కావున అమ్మేవారిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న “ఇది ఏ సంవత్సరం వరకు మద్దతు పొందుతుంది?” అన్నదే.

4. గడువు ఇచ్చేవారు ఎవరు?

గడువు ఒక మాట. మాట ఇచ్చేవారిని కూడా చూడాలి. సెంటాస్ అనే డిస్ట్రిబ్యూషను అనేక సంవత్సరాలు చిన్న కార్యాలయాల సర్వర్లకు పేరుపొందినది. రెడ్ హ్యాట్ సంస్థ డబ్బుకు ఇచ్చే లినక్సుకు అది ఉచిత ప్రతిరూపం. దాని 8వ విడుదల 2019లో వచ్చినది. 2029 వరకు దిద్దుబాట్లు వస్తాయని నమ్మి పలువురు దానిని ఎక్కించుకున్నారు. కాని 2020 డిసెంబరులో, అది 2021 డిసెంబరు 31తో ఆగిపోతుందని ప్రకటన వెలువడినది. పదేళ్లనుకున్నది రెండేళ్ల పైచిలుకుకు వచ్చినది. 7వ విడుదల మాత్రం చెప్పిన ప్రకారం 2024 జూన్ 30 వరకు సాగినది.

ఆ ఖాళీని నింపడానికి 2021లో ఆల్మా లినక్సు, రాకీ లినక్సు పుట్టినవి. సెంటాస్ వాడినవారు వీటిలోకి మారగలిగారు. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, దేనిని ఎంచుకొన్నా ఏదో ఒకనాడు మారవలసి వస్తుంది. రెండు, మారడం సులువుగా ఉండేటట్లు మొదటి రోజునే ఏర్పాటు చేసుకోవాలి. లినక్సును ఒక చిన్న డిస్కు మీద, సంఘం ఫైళ్లను వేరొక డిస్కు మీద ఉంచండి. అప్పుడు నకలు తీసి, ఫైళ్ల డిస్కు తీగ ఊడదీసి, చిన్న డిస్కు మీద కొత్త లినక్సును ఎక్కించుకొనవచ్చును. ఇల్లు మారినా బీరువా తాళం తీయనవసరం లేనట్లే.

5. ఒక్కొక్క పేరును గురించి

డెబియన్: 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. ఏ ఒక్క కంపెనీకీ చెందినది కాదు. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి, తమలో తాము నాయకుని ఎన్నుకొని నడుపుతున్నారు. ఆ విధంగా అది మన సహకార పద్ధతికి దగ్గరగా ఉంటుంది. సుమారు రెండేళ్లకొక విడుదల వస్తుంది. ఒక్కొక్క దానికి మొదటి 3 ఏళ్లు పూర్తి మద్దతు, తరువాత మరొక బృందం ద్వారా 2 ఏళ్లు దీర్ఘకాలిక మద్దతు, వెరసి 5 ఏళ్లు. 13వ విడుదల 2025 ఆగస్టు 9న వచ్చినది. దీని గడువు 2030 వరకు. విడుదలకు మధ్య కాలంలో పెద్ద మార్పులు చేయకపోవడం దీని గొప్ప గుణం. సర్వరుకు కావలసినది ఈ గుణమే. 13వ విడుదల నుంచి పాత 32 బిట్ల కంప్యూటర్ల మీద ఎక్కించే ఏర్పాటు ఆపివేశారు. పాత యంత్రం వాడదలచినవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఉబుంటు: డెబియన్‌నే ఆధారం చేసుకొని కనానికల్ అనే సంస్థ 2004 నుంచి విడుదల చేస్తున్నది. సరి సంఖ్య సంవత్సరాలలో ఏప్రిల్‌లో వచ్చే వాటికి దీర్ఘకాలిక మద్దతు 5 ఏళ్లు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 గడువు 2029 వరకు. మధ్యలో వచ్చే విడుదలలకు 9 నెలలే గడువు. కావున ఉబుంటు అనే పేరు విని ఊరుకోక, అది దీర్ఘకాలిక మద్దతు విడుదలేనా అని అడిగి తెలుసుకోవాలి. పేరు నమోదు చేసుకుంటే 5 కంప్యూటర్ల వరకు చిన్న వాడకందార్లకు మద్దతును 10 ఏళ్లకు పొడిగించే సౌకర్యాన్ని ఆ సంస్థ ఉచితంగా ఇస్తున్నది. చేరేముందు షరతులు చదువుకోవాలి. కంప్యూటరు కోర్సులు చదివిన యువకులలో ఎక్కువమందికి పరిచయం ఉన్నది ఇదే. పట్నం నుంచి మనిషిని పిలిపించనక్కర లేకపోవడం చిన్న లాభం కాదు.

ఆల్మా, రాకీ: ఇవి రెడ్ హ్యాట్ లినక్సుకు అనుగుణంగా ఉంటాయి. ఒక్కొక్క విడుదలకు గడువు సుమారు 10 ఏళ్లు. రెండింటి 9వ విడుదలలూ 2022లో వచ్చినవి, 2032 వరకు నిలుస్తాయి. గడువు మాటకు వస్తే ఇవే ముందుంటాయి. కాని కొత్త విడుదలలు కొన్ని పాత ప్రాసెసర్ల మీద ఎక్కవు. పాత కంప్యూటరు వాడదలచిన సంఘం ముందుగా ఎక్కించి చూచి నిర్ణయించాలి. వీటిలోని భద్రతా కట్టుబాట్లు కూడా ఎక్కువ. అలవాటు లేనివారికి, ఫైలు ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తలనొప్పి కలుగవచ్చును. జిల్లా యూనియనులో ఇవి తెలిసినవారు ఉంటే మంచి ఎంపిక.

ఫెడోరా: ఆరు నెలలకొక విడుదల, ఒక్కొక్క దానికి సుమారు 13 నెలల మద్దతు. కొత్త విషయాలు నేర్చుకొనేవారికి, స్వంత కంప్యూటరుకు బాగుంటుంది. సంఘం బీరువాను ఏటేటా మార్చుకొనే తీరిక మనకు లేదు. సర్వరుకు వద్దు.

తయారు ఏర్పాట్లు: డెబియన్ మీదనే ఆధారపడిన ఓపెన్ మీడియా వాల్టు అనేది, మరొక కంప్యూటరు నుంచి బ్రౌజరులో మీటలు నొక్కి సర్వరును నడుపుకొనే వీలు కల్పిస్తుంది. ఆదేశాలు టైపు చేయడానికి జంకేవారికి అనుకూలం. ట్రూనాస్ కూడా ఇటువంటిదే. డిస్కులోని ఫైళ్లు తెలియకుండా చెడిపోతున్నాయేమో కనిపెట్టే శక్తి దానికి ఉన్నది. కాని కనీసం 8 జీబీ మెమరీ కోరుతుంది.

6. మా సూచన

గేదెను కొనేటప్పుడు కొమ్ముల వంపు చూసి కొనము. ఈత ఎన్నవది, పూటకు ఎన్ని పాలు, జబ్బు చేస్తే చూసే డాక్టరు దగ్గరలో ఉన్నాడా అని ఆలోచిస్తాము. ఇక్కడా అంతే. కింది మూడు ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పుకోండి.

మొదటిది: మన జిల్లా యూనియనుగాని, పొరుగు సంఘాలుగాని ఇప్పటికే ఏదైనా ఒక దానిని సక్రమంగా నడుపుతున్నాయా? అది గడువు ఉన్నదైతే దానినే ఎంచుకోండి. పది సంఘాలు పది రకాలు పెట్టుకొనేకంటే, పదీ ఒకే రకం పెట్టుకొని ఒకే మనిషి చేత చూపించుకోవడం మేలు. ఒక సంఘం నేర్చుకొన్నది తొమ్మిదింటికి పనికి వస్తుంది. పాల విషయంలో మనం కలిసినది ఇందుకే గదా!

రెండవది: అటువంటిది ఏదీ లేకపోతే, పిలిస్తే ఒక పూటలో రాగలిగిన మనిషి ఎవరు? అతనికి ఏది తెలుసు? అతనికి ఉబుంటు తెలిస్తే దాని దీర్ఘకాలిక విడుదల, ఆల్మాగాని రాకీగాని తెలిస్తే అదే పెట్టించండి.

మూడవది: అతనికి ఏదైనా ఒకటేనంటే డెబియన్ తీసుకోండి. నిలకడ, తక్కువ యంత్రంతో పని, ఒక కంపెనీ నిర్ణయం మీద ఆధారపడకపోవడం అనే మూడు గుణాలూ చిన్న సంఘానికి సరిపోతాయి.

ఈ మూడు ప్రశ్నలలో డిస్ట్రిబ్యూషను పేరు చివరకే వచ్చినదని గమనించగలరు. గడువు ఉన్న మంచి డిస్ట్రిబ్యూషన్ల మధ్య తేడా స్వల్పం. చూసుకొనేవాడు ఉన్న సర్వరుకూ లేని సర్వరుకూ మధ్య తేడా చాలా ఎక్కువ.

7. పెట్టే సమయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

(అ) బొమ్మల తెర లేకుండా సర్వరుగా మాత్రమే ఎక్కించాలి. అక్కరలేని ప్రోగ్రాములు ఎంత తక్కువైతే లోపాలు అంత తక్కువ.

(ఆ) భద్రతా దిద్దుబాట్లు వాటంతట అవే పడే ఏర్పాటు చేయించాలి. పైన చెప్పిన డెబియన్, ఉబుంటు, ఆల్మా, రాకీలలో ఈ వీలు ఉన్నది. చేశానని మాట చెబితే చాలదు, ఎదుట చూపించమని అడగాలి.

(ఇ) ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఇవ్వాలి. సంఘానికంతటికీ ఒకే పాస్‌వర్డు ఉంటే పద్దు ఎవరు దిద్దినదీ తేల్చలేము. దాణా గుమాస్తాకు దాణా అర, కార్యదర్శికి అన్ని అరలు, ఆడిటరుకు చదివే హక్కు మాత్రమే ఇవ్వండి.

(ఈ) పొరపాటున చెరిపిన ఫైళ్లు వెంటనే పోకుండా ఒక చెత్తబుట్ట అరలోకి చేరే ఏర్పాటు సాంబాలో ఉన్నది. దానిని పెట్టించండి.

(ఉ) పాలసేకరణ ప్రోగ్రాము తన లెక్కను తనదైన పద్ధతిలో దాచుకుంటుంది. పని జరుగుతుండగా ఆ మూల ఫైలును సర్వరు మీదికి తరలించవద్దు. తీగ ఒక్క క్షణం ఊడినా లెక్క చెడవచ్చును. సాయంత్రం పూట పాలు ముగిసిన తరువాత ఆ ప్రోగ్రాము తీసే నకలును సర్వరులో దాచండి. మార్పు అవసరమైతే ప్రోగ్రాము ఇచ్చినవారిని అడిగి చేయండి.

(ఊ) ఫైలు సర్వరును ఇంటర్నెట్టు వైపుకు తెరవవద్దు. ఇంటి నుంచి చూసుకుంటానని ఎవరైనా కోరినా రౌటరులో 445 నంబరు ద్వారం తీయించవద్దు.

(ఋ) బోనసు బట్వాడా నెలలో, ఆడిటు జరిగే రోజులలో ఈ పని మొదలుపెట్టవద్దు. రెండు పాల బిల్లులు పూర్తయ్యేవరకు పాత పద్ధతిని, కొత్త పద్ధతిని పక్కపక్కన నడిపి, రెండు లెక్కలూ సరిపోయిన తరువాత మాత్రమే పాతది మానండి.

8. నకలు లేని సర్వరు తాళం లేని బీరువా

సర్వరులో రెండు డిస్కులు జతగా పెట్టి, ఒకే ఫైలు రెండింటిలోనూ వ్రాయించడం మంచిది. ఒక డిస్కు చెడినా పని ఆగదు. కాని ఇది నకలు కాదు. పొరపాటున ఫైలు చెరిపితే రెండింటిలోనూ చెరుగుతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. విండోస్ కంప్యూటరులోకి దొంగ ప్రోగ్రాము వస్తే, ఆ కంప్యూటరుకు దిద్దే హక్కు ఉన్న అరలన్నిటికీ అది తాళం వేయగలదు. సర్వరు లినక్సు అయినా ఈ ప్రమాదం తప్పదు.

కావున మూడు ప్రతులు ఉండాలి. ఒకటి సర్వరులో, రెండవది బయటి డిస్కులో, మూడవది కార్యాలయం బయట. రెండు బయటి డిస్కులు కొని వాటి మీద 1, 2 అని వ్రాయండి. ఒక వారం 1వ డిస్కు కార్యాలయంలో, 2వది అధ్యక్షుల ఇంటగాని, బ్యాంకులోగాని ఉంటుంది. మరుసటి వారం మార్చుకోవాలి. నకలు పూర్తికాగానే డిస్కును ఊడదీయాలి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా తాళం పడవచ్చును.

నెలకొకసారి ఒక సభ్యుని పేరు ఎంచుకొని, గత నెల ఆయన పాల బిల్లును నకలు డిస్కు నుంచి వేరొక కంప్యూటరులో తెరిచి, పాసుపుస్తకంతో సరిచూడండి. పాల మాదిరి సీసాలో పట్టితే చాలదు, పరీక్ష చేస్తేనే వెన్న తెలుస్తుంది. నకలూ అంతే.

9. సభ్యులకు కలుగగల సందేహాలు

ప్రశ్న: సర్వరు లినక్సు అయితే మా విండోస్ కంప్యూటర్లు కూడా మార్చాలా?
జవాబు: అక్కరలేదు. సర్వరు మీ తెర మీద ఒక మామూలు ఫోల్డరు వలె కనిపిస్తుంది. అయితే విండోస్ ఎక్స్‌పీ వంటి మరీ పాతవి నేటి సాంబాతో కలవవు. అవి వాడే పాత పద్ధతి భద్రం కాదని 2019 నుంచి సాంబాలో దానిని ముందుగానే మూసి ఇస్తున్నారు. దానిని తెరిపించవద్దు.

ప్రశ్న: ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకొనవచ్చునా?
జవాబు: పెట్టుకొనవచ్చును. యూనికోడు తెలుగులో పెట్టిన పేర్లు సక్రమంగా కనిపిస్తాయి. అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత నోటీసులు, తీర్మానాలు కూడా చెడవు. సర్వరు వాటిని దాచిపెడుతుందే కాని మార్చదు. ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటరులో ఎప్పటివలెనే తెరుచుకుంటాయి.

ప్రశ్న: ఉచితంగా వచ్చినది కదా, నాణ్యత ఉంటుందా?
జవాబు: పేరు పొందిన పెద్ద సంస్థల సర్వర్లు కూడా లినక్సు మీద నడుస్తున్నాయి. ఉచితమైనది ప్రోగ్రామే, దానిని పెట్టి చూసుకొనే పని కాదు. ప్రోగ్రాముకు మిగిలిన డబ్బులో కొంత డిస్కులకు, కొంత ఆ మనిషి కూలికి బడ్జెటులో కేటాయించండి.

ప్రశ్న: కరెంటు పోతే?
జవాబు: యు.పి.ఎస్. తప్పనిసరి. బ్యాటరీ తగ్గగానే సర్వరు తనంతట తాను సక్రమంగా ఆగిపోయేటట్లు యు.పి.ఎస్.తో కలిపే ప్రోగ్రాము లినక్సులో ఉన్నది. యు.పి.ఎస్. కొనేటప్పుడే ఆ వీలున్నదా అని అడగండి.

10. మాదిరి తీర్మానం

నిర్ణయం ఒకరి మనసులో ఉండిపోతే ఆ ఒకరు వెళ్లిపోయిన నాడు సంఘం చీకటిలో పడుతుంది. కింది విషయాలు మినిట్సు పుస్తకంలో వ్రాయండి.

“తేది ............ నాటి పాలకవర్గ సమావేశంలో సంఘం ఫైలు సర్వరు కొరకు ............ డిస్ట్రిబ్యూషను, ............ వ విడుదలను ఎంపిక చేయడమైనది. దీని మద్దతు గడువు ............ సంవత్సరం ............ నెలతో ముగియును. గడువుకు ఆరు నెలల ముందు తదుపరి విడుదలను గురించి పాలకవర్గం ఆలోచించవలెను. సర్వరు బాధ్యత ............ గారిది. వారు లేనప్పుడు ............ గారిది. సర్వరు ముఖ్య పాస్‌వర్డును సీలు వేసిన కవరులో నగదు పెట్టెలో భద్రపరచడమైనది. నకలు డిస్కులు మార్చిన తేదీలు, నెలవారీ పరీక్ష ఫలితాలు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయవలెను.”

గడువు తేదీని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి సర్వరు మీద కూడా అంటించండి. ఆ పుస్తకాన్ని సర్వసభ్య సమావేశంలో మిగిలిన లెక్కలతోబాటు సభ్యుల ముందు ఉంచండి. చూడమని అడిగే హక్కు ప్రతి సభ్యునికీ, ప్రతి సభ్యురాలికీ ఉన్నది. తెల్లవారుజామున లేచి పాలు పిండి తెచ్చి పోసిన ప్రతి లీటరూ ఆ పెట్టెలో ఒక పద్దుగా ఉన్నది. ఆ పద్దును కాపాడడం కంప్యూటరు తెలిసినవారి పని మాత్రమే కాదు, సంఘమంతటి బాధ్యత. సభ్య సంఘాలు ఈ విషయమై తగిన శ్రద్ధ వహించగలవని ఆశిస్తున్నాము.